ఘాటు రాని మిరపకాయలు

ఇది ఇప్పటిదాకా నేను పైకి అనలేదు. అమ్మతోనూ అనలేదు, దేవుడి పటం ముందు నిలబడీ అనలేదు.

నాకు భయమేస్తే నవ్వొస్తుంది.

ముసిముసి నవ్వు కాదు. కడుపులోంచి తన్నుకొచ్చే నవ్వు. ముందు కిచకిచమంటుంది. ఆపుకోబోతే ముక్కులోంచి తోసుకొస్తుంది. ఆ తర్వాత ఇక నా చేతుల్లో ఉండదు… సన్నగా, పొడుగ్గా, ఏడుపులాగా సాగుతుంది. తాతయ్య పోయి చాప మీద పడుకోబెట్టినప్పుడు నవ్వొస్తే నోట్లో చున్నీ కుక్కుకుని దొడ్లోకి పరిగెత్తాను. "పాపం పిల్ల, ఎక్కిళ్ళు పెట్టి ఏడుస్తోంది" అన్నారు. మా ఊరి బస్సు బ్రేకులు పోయి పత్తిచేలోకి దూసుకెళ్ళిన రోజూ అంతే. "దీని గుండె రాయి" అన్నారు.

అలా నాకు ధైర్యవంతురాలన్న పేరొచ్చింది. ఆ పేరు చూసే రాత్రి డ్యూటీ ఇచ్చారు. ఆ డ్యూటీలోనే ఈ దెయ్యం.

మా ఫ్యాక్టరీ వినుకొండ దాటాక దర్శి వెళ్ళే రోడ్డు మీద ఉంది. ఒక పక్క మిరప, ఇంకో పక్క పత్తి. బయటి గాలిని పీల్చుకుని, శుభ్రం చేసి, నీళ్ళలా కారేంత చల్లబరిచి, అందులోంచి ఆక్సిజన్ విడదీసి సిలిండర్లకి ఎక్కిస్తాం. చుట్టుపక్కల ఆసుపత్రులకి మా సిలిండర్లే వెళతాయి.

దాని వెనక ఒక సందు ఉంది. కంప్రెసర్ షెడ్డుకీ కాంపౌండు గోడకీ మధ్య. పగలు చూస్తే ఏముంది — పల్లేరు ముళ్ళు, తుప్పు పట్టిన ఇనుము, షెడ్డు గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన ఒక లావుపాటి గొట్టం మూతి. రాత్రయితే మాత్రం అటు ఎవరూ వెళ్ళరు.

ఎందుకంటే… అక్కడ ఏదో ఊపిరి పీలుస్తూ ఉంటుంది.

నేను చేరిన రోజే చెప్పింది కోటేశ్వరి పిన్ని. పిన్ని అంటే చుట్టం కాదు, మా వాచ్‌మన్ బుల్లయ్య భార్య. ఇద్దరూ గేటు పక్క గదిలోనే కాపురం. ఫ్యాక్టరీలో వంట ఆవిడదే, ఊడవటం ఆవిడదే, వార్తలూ ఆవిడవే.

"ఒకప్పుడు అది మిరపకళ్ళం అమ్మాయ్," అంది గొంతు తగ్గించి. "కాయలకి కాపలా పడుకున్న ఆడమనిషి తెల్లారేసరికి లేవలేదంట. ఇప్పటికీ ఆయాసపడతానే ఉంది. రాత్రుళ్ళు వినపడుద్ది… పీల్చుద్ది… పీల్చుద్దే గానీ వదలదు."

"మీరు చూశారా పిన్నీ?"

"చూడటమేందే! మీ బాబాయి తువ్వాలు లాక్కుంటేనూ! తీగ మీద ఆరేస్తే సర్రున పోయి ఆ గొట్టం నోటికి అంటుకుంది. లాగితే వదిలిందా? ఇద్దరం కలిసి లాగాం!"

ఆ గొట్టం కంప్రెసర్ గాలి పీల్చుకునే సక్షన్ పైపు. దాని మూతి నిజానికి షెడ్డు కప్పు మీద, మనుషులకి అందని ఎత్తులో ఉండాలి. మొన్నటి గాలివానకి పై ముక్క విరిగిపడితే, కొత్తది వచ్చేదాకా అని ఛాతీ ఎత్తున కోసి, జాలీ బిగించి వదిలేశారు. కొత్తది ఇంకా రాలేదు. తువ్వాలు అంటుకోక ఏమవుతుంది?

ఇదంతా పిన్నికి చేతులూపుతూ వివరించాను. ఓపిగ్గా విని, జాలిగా చూసి, "చదువుకున్నదానివి, నీకేం తెలుసులే" అంది.

అసలు సంగతేమిటంటే నేను చదువుకున్నదీ లేదు. డిగ్రీ మధ్యలో మానేశాను. ఒకచోట కూర్చోలేని ఒళ్ళు నాది. సిలిండర్లలో ఆక్సిజన్ ఎంత శుద్ధంగా ఉందో పరీక్షించే పనిలో చేరి, మిగతా ప్లాంటంతా సగం ఫోనులో వీడియోలు చూసి, సగం మనుషుల్ని వేధించి నేర్చుకున్నాను.

దెయ్యాలు లేవని వీడియోలు నాకు చెప్పాయి. నా కడుపుకి చెప్పలేదు.

చేరిన కొత్తలో ఒక రాత్రి, ఆ సందు సంగతేంటో తేల్చుకుందామని ఒక్కదాన్నే వెళ్ళాను. నాలుగడుగులు వేశానో లేదో… గోడ అవతలి ట్యాంకు "హాఆఆఆ…" అని నిట్టూర్చింది. ఆ చప్పుడు ఎందుకొస్తుందో నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చిన దారినే పరుగు.

ఇక శివనాగరాజు.

మా నలుగురు ఆపరేటర్లలో ఒకడు. దర్శి పక్క పల్లె. నాకన్నా పెద్దవాడే అయినా నన్ను "దీప్తి గారూ" అంటాడు. డ్యూటీకి వస్తూ జామకాయలు తెచ్చి, నాకోటి నా పరీక్షల గదికీ ప్యానెల్ గదికీ మధ్యనున్న అద్దాల కిటికీ దగ్గర పెట్టి, ఇవ్వలేదన్నట్టు వెళ్ళిపోతాడు. సరే, ఇంత రాశాక ఇది మాత్రం దాచడమెందుకు… ఆయన ప్యానెల్ ముందు కూర్చుని మీటర్లని చూసే చూపు, జ్వరమొచ్చిన పిల్లల నుదుటి మీద చెయ్యి వేసినట్టుంటుంది. ఆ చూపు చూడటానికి నేను పనిలేకపోయినా అద్దాల కిటికీ దగ్గరికి వెళ్ళేదాన్ని.

నేను చేరిన ఆ కొత్తలోనే, ఒక తెల్లవారుజామున శివనాగరాజు టీ తాగడం మరిచిపోయి గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. మొహంలో నెత్తురు లేదు.

"సందులో విన్నాను," అన్నాడు.

"ఏం విన్నారు?"

"వద్దులెండి దీప్తి గారూ… మీరు అటు మాత్రం వెళ్ళకండి. అంతే."

ఎంత అడిగినా అంతకుమించి చెప్పలేదు. బుల్లయ్య బాబాయిని పక్కకి పిలిచి ఏదో చెవిలో చెప్పాడు. బాబాయి రెండు చేతులూ జోడించి ఆకాశంలోకి చూశాడు.

అది మొదలు… ప్లాంటుకి ఏదో పట్టింది.

ఇక్కడ కాస్త ప్లాంటు సంగతి చెప్పాలి, లేకపోతే దెయ్యం అర్థం కాదు. పీల్చిన గాలిలో తేమ ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. వాటిని అలాగే లోపలికి పోనిస్తే ఆ చలికి గడ్డకట్టి సన్న పైపులు మూసుకుపోతాయి. అందుకని దారిలోనే రెండు పెద్ద ట్యాంకులు. వాటి నిండా సగ్గుబియ్యం లాంటి పూసలు. గాలి ఆ పూసల మధ్యలోంచి పోతుంటే అవి తేమనీ కార్బన్ డయాక్సైడ్‌నీ పట్టేసుకుంటాయి. ఒక ట్యాంకు పని చేస్తుంటే రెండోదాన్ని వేడి నైట్రోజన్ పంపి ఆరబెడతారు. పూసలు నిండేలోపు ట్యాంకు మార్చాలి. మార్చేటప్పుడు లోపలి ఒత్తిడి బయటికి వదులుతారు… అదే ఆ నిట్టూర్పు.

ఆ పూసలు పట్టడం మానేశాయి. తెల్లారేసరికి లోపల పైపులు బిగుసుకుపోవడం, ఆక్సిజన్ శుద్ధత పడిపోవడం, ప్లాంటు ఆపి మంచు కరిగేదాకా కాళ్ళు బారజాపుకుని కూర్చోవడం. ఈలోపు దర్శి నుంచి ఫోను, వినుకొండ నుంచి ఫోను. గుంటూరు నుంచి లారీలో సిలిండర్లు తెప్పించి సర్దేవాళ్ళం.

మా మేనేజర్ అంకారావు గారు చొక్కా చేతులు మడిచి రంగంలోకి దిగారు. గాలిని చల్లబరిచే చిల్లర్ చూశారు. నీళ్ళు లోపలికి పోతున్నాయేమోనని. లేదు. వాల్వులు చూశారు, ఒక ట్యాంకు గాలి ఇంకోదాంట్లోకి కారుతోందేమోనని. లేదు. అప్పుడు నేను వీడియో ఒకటి చూసొచ్చి, "హీటర్ పోయింది సార్, పూసలు సరిగ్గా ఆరట్లేదు, రాసిస్తా" అన్నాను. నలుగురు చెమటలు కక్కి హీటర్ విప్పారు. అది నిప్పులా మండుతూ నిక్షేపంగా ఉంది.

"దీప్తమ్మా," అన్నారు అంకారావు గారు, "ఈసారి నీ ఫోను విప్పి చూద్దాం."

పూసలు పారబోసి కొత్తవి నింపారు. అయినా ఆగింది. జాలీ వెనక ఫిల్టరు నల్లగా మసి పట్టి కనిపిస్తే, పక్క చేను వెంకటనారాయణ పత్తికంప తగలబెడుతున్నాడని అంకారావు గారు గట్టు మీద నిలబడి కేకలేశారు.

"నా కంప ఇంకా పీకనే లేదయ్యా! చేలో నిలబడే ఉంది, కళ్ళు కనపడట్లా?" అని అవతల్నుంచి అంతకన్నా పెద్ద కేక.

కంప నిజంగానే నిలబడి ఉంది. ఎండకి వెక్కిరిస్తున్నట్టు.

అసలు విచిత్రం అదీ కాదు. నలుగురు ఆపరేటర్లూ వంతులవారీగా రాత్రి డ్యూటీ చేస్తారు. అందరికీ అవే పూసలు, అదే హీటరు. ప్లాంటు ఆగేది మాత్రం… శివనాగరాజు రాత్రి డ్యూటీలోనే.

"నిద్రపోతున్నావురా నువ్వు! ట్యాంకు మార్చే టైము దాటించేస్తున్నావు!"

"అమ్మ తోడు సార్. కన్ను మూయలేదు."

మూయలేదని నాకు తెలుసు. ఎలా తెలుసంటే ఏం చెప్పను? అద్దాల కిటికీలోంచి రాత్రంతా చూస్తూ ఉంటానని చెప్పనా?

ఒకరోజు ప్యానెల్ గదిలో మేకుకి తగిలించిన తన పసుపు హెల్మెట్ తీసి తల మీద పెట్టుకుంటే, లోపల్నుంచి రాళ్ళుప్పు గళ్ళు రాలాయి. శివనాగరాజు ఆ గళ్ళని అరచేతిలో పోసుకుని, పామునో తేలునో చూసినట్టు చూశాడు.

ఆ తర్వాత ఇంకో రాత్రి, ధైర్యం కూడగట్టుకుని టార్చి పట్టుకుని సందు మొదటిదాకా వెళ్ళాడట. అది నాకు తనే చెప్పాడు — గుసగుసగా, తలుపు వైపు చూసుకుంటూ.

"సందు చివర… నేలకి జానెడెత్తులో… ఎర్రటి కళ్ళండీ. రెప్ప వెయ్యట్లేదు. ఊపిరి పీల్చినప్పుడల్లా ఇంకా ఎర్రబడుతున్నాయి. వాటి వెనకాల… జుట్టు విరబోసుకుని ఒక మనిషి. ఊగుతోంది. చేతిలో తలకాయ…"

"తలకాయా?"

"గుండ్రంగా… పసుపుపచ్చగా…"

నాకు కడుపులో కిచకిచ మొదలైంది. పళ్ళు బిగించి కూర్చున్నాను.

"నవ్వకండి దీప్తి గారూ. అది నా కోసమే వస్తోంది. నా డ్యూటీలో తప్ప రాదు."

అంకారావు గారు ఆఖరి మాట చెప్పేశారు. ఇంకొక్కసారి శివనాగరాజు చేతుల్లో ప్లాంటు ఆగితే, పని నుంచి తీసేస్తారు. గుంటూరు నుంచి కొత్త మనిషిని కూడా మాట్లాడి పెట్టుకున్నారు. ఆ రోజు శివనాగరాజు జామకాయలు రెండు పెట్టి వెళ్ళాడు.

రెండోది చేతిలోకి తీసుకుంటే నాకు ఏడుపొచ్చింది. అసలైన ఏడుపే.

మర్నాడు రాత్రి మళ్ళీ ఆయన డ్యూటీ. పొద్దుగూకుతుండగా పిన్ని దగ్గరికి వెళ్ళి తమలపాకుల డబ్బాలోంచి సున్నం అడిగాను.

"నీకెందుకే సున్నం? వక్కాకు మొదలెట్టావా?"

"పరీక్షకి పిన్నీ."

"రాజుబాబు కోసమేనా?" అంది, ఇంత సున్నం ఆకులో పెట్టిస్తూ. "చెయ్యి చెయ్యి. నా వంతు నేనూ చేస్తన్నాలే."

ఆ మాట నేను పట్టించుకోలేదు. పిన్ని రోజూ ఎన్నో దేవుళ్ళకి మొక్కుతుంది.

సున్నాన్ని నీళ్ళలో కలిపి, పేరుకోనిచ్చి, పైన తేట తీశాను. ఆ తేటలోకి గాలిని బుడగలు బుడగలుగా వదిలితే, శుభ్రమైన గాలైతే తేట అలాగే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువుంటే పాలలా తెల్లబడుతుంది. చిన్నప్పుడు బడిలో గొట్టంతో ఊది చూపించేవాళ్ళు. అదే.

డ్యూటీ మొదట్లో ట్యాంకు దాటిన గాలిని వదిలాను. తేట, తేటగానే ఉంది. ఇద్దరం గ్లాసులోకి వంగి చూశాం. ఆయన తలనూనె వాసన.

అర్ధరాత్రి దాటాక మళ్ళీ వదిలాను.

బుడగ… బుడగ… బుడగ…

పాలు.

"ట్యాంకు ఇందాకే కదా మార్చింది!" అన్నాడు శివనాగరాజు.

నాకు ఒక ఆలోచన వచ్చింది. వీడియోలోది కాదు, నాదే. కొత్త గ్లాసులో తేట పోసి, ట్యాంకులోకి పోకముందు గాలిని వదిలాను. వదిలీ వదలగానే గ్లాసంతా పాలు! మామూలు గాలికి ఇంత తొందరగా తెల్లబడదు. అంటే తప్పు ట్యాంకుది కాదు, పూసలది కాదు, ఆయనది అసలే కాదు. లోపలికొచ్చే గాలిలోనే ఏదో ఉంది. పూసలు పట్టగలిగినంత పట్టి, చేతులెత్తేస్తున్నాయి.

గాలి లోపలికొచ్చేది… సందులోంచి.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"మీరు రెండో ట్యాంకుకి మార్చండి," అన్నాను. "నేను చూసొస్తాను."

"వద్దండీ. నేనొస్తా."

"ప్యానెల్ వదిలితే మళ్ళీ మీ మీదే పడుతుంది. కూర్చోండి."

"మీకు… భయం లేదా?"

అప్పటికే పెదాలు వణుకుతున్నాయి నాకు. నవ్వుని నమిలి మింగి, "లేదు" అన్నాను.

బయట మంచు. చేలలో ఎక్కడో కుక్క ఒకటి మొరిగి ఊరుకుంది. సందు మొదట్లో ఫోను లైటు వేశాను. వెలుగు గోడల మీద ఊగుతోంది.

ఊఁఫ్… ఊఁఫ్… ఊఁఫ్…

అది సక్షన్. సక్షనే. కంప్రెసర్ గాలి పీల్చే చప్పుడే. ఇంకో అడుగు. గొట్టం పక్కకి వచ్చేశాను.

సందు చివర… నేలకి జానెడెత్తులో…

ఎర్రటి కళ్ళు.

ఊఁఫ్… అన్నప్పుడల్లా రాజుకుంటున్నాయి. వాటి వెనక విరబోసుకున్న జుట్టు. చేతుల్లో గుండ్రటి తల. ఆ తలని కుడి నుంచి ఎడమకి… ఎడమ నుంచి కుడికి… తిప్పుతోంది. తిప్పుతూ ఏదో గొణుగుతోంది.

నా కడుపులో కట్ట తెగింది.

"కి… కి… కిహిహిహీఈఈఈ…"

సన్నగా, పొడుగ్గా, సందు ఈ చివర్నుంచి ఆ చివరికి పోయింది నా నవ్వు. ఆ ఆకారం గిర్రున తిరిగింది. నన్ను చూసి ఆకాశం చిల్లుపడేలా కెవ్వుమంది. నేను వెనక్కి తూలి గొట్టం మీద పడబోయాను. సర్రున నా చున్నీ లేచి, జాలీ మీద పరుచుకుని, బిగుసుకుంది!

గొట్టం నోరు మూసుకుపోయింది.

అంతే… ఒక్కసారిగా ఘాటు. కళ్ళలో, ముక్కులో, గొంతులో, చెవుల్లో కూడా! గుప్పెడు కాదు, బస్తా మిరపకాయలు కాల్చిన ఘాటు. నేను దగ్గుతున్నాను, తుమ్ముతున్నాను, నవ్వుతున్నాను. ఆ ఆకారమూ దగ్గుతోంది. దగ్గి, దగ్గి, ఒక్క ఎగురు ఎగిరి —

"ఘాటొచ్చింది! ఓసి అమ్మాయ్! ఘాటొచ్చిందే! పోయింది! రాజుబాబు దిష్టి పోయింది!"

కోటేశ్వరి పిన్ని. ఒక చేతిలో శివనాగరాజు పసుపు హెల్మెట్. కాళ్ళ దగ్గర బొగ్గుల కుంపటి. కుంపట్లో మిరపకాయలు, ఉప్పు, ఇంకా ఏవేవో. నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. ఇద్దరం కళ్ళనీళ్ళు కారుస్తూ, తుమ్ముకుంటూ, ఆ పల్లేరు ముళ్ళలో గంతులేశాం. లోపల అలారం మోగుతోంది. నాకేం పట్టలేదు.

తెల్లారాక, కళ్ళు కడుక్కుని, అంకారావు గారి ముందు నిలబడి పిన్ని చెప్పిన కథ ఇదీ.

శివనాగరాజు మొదటి రాత్రి దడుచుకున్నాడని బాబాయి చెప్పగానే దిష్టి తియ్యాలనుకుంది. మనిషిని నిలబెట్టి తీద్దామంటే అంకారావు గారు తిడతారని, మనిషికి బదులు శివనాగరాజు హెల్మెట్‌ని తెచ్చుకుంది. ఆ దెయ్యం ఉండేది గొట్టం దగ్గరే కదా అని అక్కడే కుంపటి పెట్టింది. మిరపకాయలు వేసింది. చిటపటలాడాయి, కాలాయి… కానీ ఘాటు రాలేదు. ఒక్క దగ్గు రాలేదు.

మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు — కాయ కాలినా ఘాటు రాలేదంటే దిష్టి మామూలుది కాదని. అందుకని మళ్ళీ ఆయన రాత్రి డ్యూటీకి ఇంకాసిని కాయలు వేసింది. రాలేదు. సోది చెప్పే ఆమెని అడిగితే, నిప్పు తెల్లారేదాకా ఆరకూడదంది. ఇంకాసిని బొగ్గులు పోసింది. "అక్కడ విసనకర్రతో పనే లేదు సార్, దానంతటదే భగ్గుమని రాజుకుంటది!" తెల్లవారుజామున బూడిద ఎత్తి, సందు ఊడ్చి, హెల్మెట్ మేకుకి తగిలించేది. సందులోకి ఎవరూ రారు కాబట్టి ఎవరూ చూడలేదు.

ఘాటెలా వస్తుంది? పొగంతా గొట్టం తాగేసింది. రాత్రంతా బొగ్గుల గాలి తాగి పూసలు నిండిపోయాయి, ప్లాంటు ఆగింది. ప్లాంటు ఆగితే దిష్టి ఇంకా పోలేదనుకుని ఈవిడ కుంపటి పెంచింది.

అంకారావు గారు మొదట నవ్వారు. మధ్యలో ఆగిపోయారు. మెల్లగా కుర్చీలో కూర్చున్నారు.

"ఆ పొగలో నూనె ఆవిరి గనక పోయి ఉంటే…" అన్నారు. "లోపల అంత ఆక్సిజన్ పక్కన చేరి ఉంటే… ఫ్యాక్టరీ లేచిపోయేదమ్మా కోటేశ్వరీ. నువ్వూ, నేనూ, ఈ సందూ, అన్నీ."

అప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు… నాకు తప్ప. దగ్గినట్టు నటించాను.

ఆ పూటే గొట్టానికి కొత్త ముక్క తెప్పించి, కప్పు దాటించి బిగించారు. శివనాగరాజు తప్పేమీ లేదని తేలిపోయింది.

కానీ శివనాగరాజు లేడు.

సందులోంచి కేకలు, నవ్వులు, దగ్గులు ఒక్కసారే వినపడి, అలారం మోగేసరికి, కంప్రెసర్ ఆపి, వాల్వులు వరసగా మూసి, ప్యానెల్ దగ్గర లైటు కూడా ఆర్పి, అప్పుడు గేటు దూకి పారిపోయాడు.

"పారిపోయేవాడు ఇంత పద్ధతిగా పారిపోతాడా?" అన్నారు అంకారావు గారు, ప్యానెల్ చూసి. గొంతు మెత్తబడింది. "పిలవండి వాణ్ణి."

ఫ్యాక్టరీ నంబరు చూస్తే ఎత్తలేదు. అంకారావు గారిదీ ఎత్తలేదు. ఆఖరికి బాబాయి ఫోనులోంచి చేస్తే ఎత్తాడు. స్పీకర్ పెట్టారు. పిన్ని జరిగిందంతా చెప్పింది. కుంపటీ, హెల్మెటూ, మిరపకాయలూ.

అవతల్నుంచి నెమ్మదిగా —

"సరే పిన్నీ. అరిచింది నువ్వు. మరి నవ్విందెవరు?"

పిన్ని నోరు తెరుచుకుంది. "నవ్వా?"

"నీ నవ్వు నాకు తెలీదా? అది నీది కాదు. సన్నగా… ఏడుపులాగా. మొదటి రాత్రి నేను విన్నది ఆ నవ్వే పిన్నీ! బాబాయికి అప్పుడే చెప్పాను. నువ్వు కుంపటి పెట్టకముందు నించీ ఉంది అది అక్కడ. నేను రాను. నన్ను వదిలేయండి."

పెట్టేశాడు.

ఒక్కొక్కళ్ళే నా వైపు తిరిగారు. నేనే కదా సందులో ఉన్నదాన్ని.

"నువ్వేమైనా విన్నావా అమ్మాయ్?" అంది పిన్ని. "నేను దగ్గుతో చస్తన్నా, నాకేం వినపడలా."

"దీప్తి నవ్వుతుందా ఏంటి అలాంటప్పుడు," అన్నాడు బాబాయి. "దానికి భయమనేదే లేదు."

నాకు అప్పుడు తెలిసింది… నా ఒంటి మీద వెంట్రుక వెంట్రుకకీ తెలిసింది. చేరిన కొత్తలో నేను ఒక్కదాన్నే సందులోకి వెళ్ళిన ఆ రాత్రి. ట్యాంకు నిట్టూర్చింది. అంటే గోడ అవతల దాన్ని మారుస్తున్నది శివనాగరాజు. ఇవతల నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని… చెయ్యి సరిపోతుందా నా నవ్వుకి?

సందులో దెయ్యం లేదు. ఆయన విన్నది నన్నే. నా నవ్వుకి ఆయన దడుచుకున్నాడు, ఆయన దడుపుకి పిన్ని కుంపటి పెట్టింది, కుంపటికి ప్లాంటు ఆగింది!

నోరు తెరవబోయాను. మూశాను. రాయిలాంటి గుండె అన్నవాళ్ళందరూ అక్కడే నిలబడి ఉన్నారు.

"అయితే… అది నిజంగానే ఉందన్నమాట," అంది పిన్ని, కొంగు నడుముకి చుట్టుకుంటూ. "ఈసారి గేటు దగ్గర పెడతా కుంపటి."

"పెడితే నిన్ను పెడతా అందులో," అన్నారు అంకారావు గారు. కానీ ఆయన కూడా సందు వైపు ఒకసారి చూశారు. "రేపు పొద్దున కల్లా రాజు రాకపోతే గుంటూరు మనిషిని పిలిచేస్తాను. ప్లాంటుకి ఆపరేటర్ కావాలి కదా."

ఆ రేపు ఇంకాసేపట్లో తెల్లారబోతోంది. మంచు కరిగేదాకా ప్లాంటు ఆపే ఉంది, అందరూ పడుకున్నారు. కిటికీ దగ్గర ఆ రెండో జామకాయ ఇంకా ఉంది, తినలేదు.

ఆయన నంబరు నా దగ్గర మొదటినించీ ఉంది. ఒక్కసారీ చెయ్యలేదు. నా నంబరు ఆయన దగ్గరా ఉంది. ఎత్తుతాడో ఎత్తడో… ఎత్తుతాడనే అనిపిస్తోంది.

ఎత్తినా, 'ఆ నవ్వు నాది' అంటే నమ్ముతాడా? నేను ఓదార్చడానికి అంటున్నాననుకుంటాడు. నా నోటి మాట చాలదు, నవ్వి వినిపించాలి. ఊరికే నవ్వమంటే నాకు ఆ నవ్వు రాదు. భయమెయ్యాలి.

అవతల రింగవుతుంది. ఆయన నిద్రగొంతుతో "దీప్తి గారూ?" అంటాడు. నేను జవాబు చెప్పాలి…

అమ్మో. వచ్చేస్తోంది. కడుపులో మొదలైపోయింది.

ఇది ఆగేలోపు చేసెయ్యాలి. చేస్తున్నాను.